గాజుల మూలకు నంబరు

కంప్యూటర్ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చదువుకున్నదానివి అట్లా అనొచ్చా అని నా పిల్లలే నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళ అమ్మమ్మ జాగాను అది ఎట్లా మింగిందో వాళ్ళు చూడలేదు, నేను చూశాను.

మాది కరీంనగర్ జిల్లాలో పట్నమూ కాని, పల్లే కాని ఒక ఊరు. గురువారం గురువారం అంగడి. ఆ అంగట్లో మా అవ్వ, అంటే మా అమ్మ, మట్టిగాజులు అమ్మేది. బాపు పోయాక మా ఇల్లు గడిచింది ఆ గాజుల మలారం మీదే. తాడుకు గుచ్చిన అంత మోపును భుజాన వేసుకుని, పొద్దున్నే బయలుదేరేది.

గాజులవాళ్ళ జాగా అన్నిటికన్నా వెనక, చీరలవాళ్ళను దాటాక పాత గోడ మూలన ఉండేది. అటు మగవాళ్ళు రారు. రావద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా రారు. గాజులు వేయించుకోవడమంటే వంకాయలు కొనడం కాదు కదా! నేల మీద కూర్చుని, కొంగు సర్దుకుని, చెయ్యి తీసుకెళ్ళి ఇంకో మనిషి చేతిలో పెట్టాలి. అవ్వ ఆ చేతిని పిసికి, మెత్తబడ్డాక ఒక్కొక్క గాజే ఎక్కించేది. మణికట్టు దగ్గర నొప్పి పుడుతుంది. ఆ నొప్పి వంకన ఎంతమంది ఏడ్చేవారో! దుబాయి పోయిన మొగుడి నుంచి కబురు లేని పిల్ల, అత్త సరిగ్గా తిండి పెట్టని కోడలు. అవ్వ ఎవరినీ ఏమీ అడిగేది కాదు. "జర ఓర్సుకో బిడ్డా, అయిపాయె" అనేది, అంతే.

వానలు మొహం చాటేసిన ఏడు బజారులో దుకాణాలు మూతపడ్డాయి కానీ అంగడి ఆగలేదు. ఆడవాళ్ళు జొన్నలు తెచ్చి గాజులు వేయించుకున్నారు. ఆ జొన్నల్లో కొన్ని మేము తిన్నాం, కొన్ని ఇచ్చి నూనె తెచ్చుకున్నాం. అందరం అట్లాగే ఆ ఏడు గట్టెక్కాం.

తొంభైల్లో ఊరికి ఒక ప్లానింగ్ సారు వచ్చాడు. సోమవారం పూట జీపులో తిరిగి, మనుషులతో కొలతలు వేయించి, కంప్యూటర్ మీద మ్యాపు గీయించాడు. రంగురంగుల మ్యాపు. ఊరంతా పెళ్ళికూతురిని చూసినట్టు చూసింది. అందులో మా అంగడి జాగా తెల్లగా ఉంది. మీద 'ఖాళీ స్థలం' అని రాసి ఉంది. సోమవారం వచ్చి చూస్తే ఖాళీగా ఉండక ఏనుగులు కట్టేసి ఉంటాయా?

చీరలమ్మే పెద్దమనిషి పోయి అడిగాడు. "సారూ, గది ఖాళీ జాగ కాదు. బేస్తారం ఒక్కసారి వచ్చి చూడుండ్రి."

"కంప్యూటర్ అబద్ధం చెప్పదు పెద్దాయనా" అన్నాడు సారు. "అక్కడ కొత్త బస్టాండు వస్తుంది. మీకు రైల్వేగేటు అవతల సిమెంటు గద్దెలు కట్టిస్తున్నాం. ఊరి రాబడి ఎట్లా పెరుగుతుందో చూడండి."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు అందరూ తలలూపారు. నాకైతే అరికాలి మంట నెత్తికెక్కింది.

గద్దెలకు నంబర్లు కూడా ఆ మహానుభావురాలు కంప్యూటరే పంచింది. ఎవరు ఏం అమ్ముతారో చూడలేదు, పేర్లను ఇంగ్లీషు అక్షరాల వరుసలో పేర్చింది. మా అవ్వకు ఒక పక్క పొగాకు కాడలవాడు, ఇంకో పక్క మేకల బేరగాడు వచ్చారు. ఎదురుగా బీడీలు కాలుస్తూ బేరాలాడే గుంపు. అక్కడ ఏ ఆడది కూర్చుని చెయ్యి చాపుతుంది? వచ్చినవాళ్ళు దూరం నుంచే అవ్వను చూసి, తల దించుకుని వెళ్ళిపోయేవారు.

అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయింది. "ఏదన్న మూలకు ఇయ్యి సారూ, గోడ సాటుంటే సాలు" అని బతిమాలింది. సారు కళ్ళెత్తి కూడా చూడలేదు. "ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కింది మారదమ్మా" అన్నాడు. ఎక్కించిన చేతులకు మార్చడం రాదా? నోటి దాకా వచ్చిన మాటను అవ్వ నా చెయ్యి నొక్కి ఆపింది.

గాజులు వేయించుకునే వీలు లేక ఆడవాళ్ళు రావడం తగ్గించారు. వాళ్ళు రాకపోతే చీరలెవరు కొంటారు? చీరలవాళ్ళు జగిత్యాల దారి పట్టారు, వెనకే గిన్నెలవాళ్ళు పోయారు. గద్దెల మీద కుక్కలు పడుకునేవి. మళ్ళీ వానలు పడని ఏడు వచ్చినప్పుడు, జొన్నలు పట్టుకుని పోవడానికి మాకు అంగడే లేదు.

అదే ఏడు ఒకరోజు సారు జీపు మా వాకిట్లో ఆగింది, డ్రైవరు కబురు తెచ్చాడు. సారు భార్య నెలలు నిండుతున్న మనిషి. గాజులు వేయించాలట, అమ్మగారు ఆ మేకల మధ్యకు రారట, మా అవ్వే ఇంటికి రావాలట.

"పోకవ్వా! నంబరిచ్చిండు గద, గా నంబరు కాడికే రమ్మను" అన్నాను.

"నోర్ముయ్యవే. కడుపుతోటున్న పిల్లకు గాజులెయ్యనంటే నా చేతులు పడిపోతయ్" అని అవ్వ మలారం భుజాన వేసుకుంది. నేను తిట్టుకుంటూనే వెంట పోయాను.

చాప మీద కూర్చున్న ఆ పిల్లకు పట్టుమని ఇరవయ్యేళ్ళు లేవు. అవ్వ ఆమె చేతిని పిసికి పచ్చగాజులు ఎక్కిస్తోంది. అత్తగారు హారతి పళ్ళెం పట్టుకుని వెనకే నిలబడి ఉంది. కుర్చీలో కూర్చున్న సారు మా అవ్వకు తెలివి చెప్పాడు. "చూశావా, ఇంట్లో అయితే ఎంత సుఖమో! అంగడి అంగడి అని ఏడవకపోతే, నువ్వే ఇల్లిల్లూ తిరిగి వెయ్యొచ్చు కదా?"

అవ్వ తలెత్తలేదు. "ఇంట్ల ఏసుకుంటె ఏడ్సుడెక్కడ సారూ? అత్త ముంగటనా?"

సారు పెద్దగా నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. ఆఖరి గాజు కూడా ఎక్కింది. ఆ పిల్ల మాత్రం అవ్వ చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు.