లడఖ్‌లో ఎండిన వడియాలు

వారంగా హౌరాలో వాన. ఆరని బట్టల ముక్కవాసనకి, చిన్నప్పటి మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ గుర్తొచ్చింది.

అప్పుడూ ఇలాగే ముసురు. అమ్మ పెట్టిన మినప వడియాలు సగమే ఎండాయి. బూజు పడితే పారబొయ్యాల్సిందేనని అమ్మకి దిగులు. మిలిటరీలో ఉన్న మావయ్య సెలవు అయిపోయి ఆ రోజే లడఖ్ వెళ్తున్నాడు. అక్కడ అన్నీ చెట్టు లేని కొండలేనని, వానే పడదని చెప్పాడు. నాకు ఆశ పుట్టింది.

"మావయ్యా, వీటిని అక్కడ ఎండబెట్టి తెస్తావా?"

"మతుండే మాటాడతన్నావేటే?" అంది అమ్మ.

"పోన్లే అక్కా, అమ్మడు అడిగింది కదా" అని మావయ్య నవ్వి, అన్నీ డబ్బాలో పోసుకున్నాడు.

మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు నిజంగానే తెచ్చాడు. డబ్బా ఊపితే గలగలమన్నాయి.

"ఒక్క పూటలో ఎండిపోనాయే. అక్కడ ఎండలో నిలబడితే చురుక్కుమంటాది, నీడలోకొస్తే వణుకే."

అమ్మ వేయిస్తే నేను గుప్పెళ్ళతో తిన్నాను. మావయ్య మాత్రం కారం తగిలితే మండుతుందని వట్టి పెరుగన్నం తిన్నాడు. ఆయన పెదాలు పగిలి నెత్తుటి చారలు కట్టాయి.

మా మావయ్య ఉండేది ఎంత మంచి చోటో అని బడిలో గొప్పలు చెప్పుకున్నాను. ఆ రాత్రి ఆయన పెదాలకి నెయ్యి రాసిన అమ్మ, మిగిలిన వడియాలు మళ్ళీ ఎందుకు వేయించలేదో ఇప్పుడు తెలుస్తోంది.