పక్క సీట్లో ఊపిరి

లేదు జోయెల్, ఆ ఫోటోలో ఎర్ర కారు మనది కాదు. తాతయ్య దాని బానెట్ మీద చెయ్యేసి అంత దర్జాగా నిలబడ్డాడు కాబట్టి నీకలా అనిపించింది. దాన్ని బాగు చేసింది మాత్రం ఆయనే. అందులో ఒక రాత్రంతా కూర్చున్నది నేను.

ఆ రాత్రి సంగతి మీ అమ్మకు కూడా మొత్తం చెప్పలేదు. కెజియా, నువ్వు నవ్వకు. నేను ఏళ్ళ తరబడి వార్డులో చేసిన మనిషిని. కళ్ళతో చూసింది, చెవులతో విన్నది తప్ప చార్టులో ఒక్క అక్షరం ఎక్కువ రాయలేదు. ఇదీ అంతే. విన్నది విన్నట్టు చెప్తాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. నేను మాత్రం మాట మార్చను.

అప్పుడు మేము సౌదీలో, యాన్బులో ఉండేవాళ్ళం. ఎర్ర సముద్రం ఒడ్డున ఊరు. నేను ఆసుపత్రిలో నర్సును. తాతయ్య సనాయాలో, అంటే ఊరి చివర షెడ్లన్నీ ఉండే చోట, ఒక చిన్న వర్క్‌షాపులో మెకానిక్కు. నితాఖాత్ వచ్చిన కాలం అది. ప్రతి షాపులో ఇంతమంది సౌదీలు పనిచేయాలని రూలు. లేని షాపుకు ఎరుపు రంగు. ఎరుపు పడిందా... అక్కడి మనవాళ్ళకు ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. ఇఖామా లేకపోతే ఆ దేశంలో మనిషి లేనట్టే. దాని వెనకే లెవీలు, మనిషికింత అని కట్టాల్సిన డబ్బు. ఎవరో ఒకరు అట్టపెట్టెలకు తాళ్ళు కట్టుకుని ఎగ్జిట్ మీద ఇంటికి పోతూనే ఉన్నారు.

తాతయ్య షాపుకూ ఎరుపు పడింది.

అలాంటప్పుడు వచ్చాడు అబూ సుల్తాన్ అని ఒక పెద్దాయన. లారీల వ్యాపారం. ఆయన కంపెనీ మాత్రం పచ్చ రంగులో ఉంది, అంటే బయటి వాళ్ళను తీసుకోవచ్చు. కుర్రతనంలో ఎక్కడో చూసి మనసు పారేసుకున్న కారట, అమెరికాలో అమ్మకానికి ఉందని తెలిసి ఫోటోలు చూసే కొనేశాడు. పాతకాలం బండి. రెండే తలుపులు, పొడుగాటి మూతి, స్టార్ట్ చేస్తే పక్కనున్న వాళ్ళ పొట్ట అదిరే ఇంజను. ఓడలో జెద్దా రేవుకు వచ్చింది. అక్కడి నుంచి ట్రక్కు మీద యాన్బుకు. దించి తాళం తిప్పితే... దగ్గలేదు, తుమ్మలేదు. ఆయన కొడుకులు నవ్వారట, నాన్న సముద్రం అవతలి నుంచి తుప్పు తెప్పించుకున్నాడని.

ఆ ఉక్రోషంలో తాతయ్యతో అన్నాడు: "శుక్రవారం పొద్దున నా కొడుకుల ముందు దీన్ని నేను నడపాలి. నడిచిందా, నిన్ను నా కంపెనీలోకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటా. నడవలేదా, నీ దారి నీది."

అర్థమైందా పిల్లలూ? ఆ బండి కదిలితే తాతయ్య నా దగ్గర ఉంటాడు. కదలకపోతే ఆయన ఇంటి దగ్గర, నేను యాన్బులో. మీ అమ్మ చదువు అప్పటికి సగంలో ఉంది.

తాతయ్య నిద్ర మానేసి పనిచేశాడు. గురువారం సాయంత్రానికి ఇంజను పలికింది. నేను డ్యూటీ దిగి, అన్నం క్యారేజీ పట్టుకుని షాపుకు వెళ్ళాను. అందరూ సంతోషంగా ఉంటారనుకున్నాను. సాయిలు మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నిజామాబాద్ వైపు అబ్బాయి, తాతయ్యతో పాటు అక్కడే పని. మొహం పాలిపోయింది.

"ఏమైంది సాయిలూ? జ్వరమా?" అన్నాను.

"జరం లేదు సిస్టరక్కా. గా బండిల ఎవ్వలో ఉన్నరు."

"ఎవరు?"

"ఏమో మరి. రాత్రి అన్న ఇంటికి పోయినంక నేనొక్కన్నే పండుకున్న ఈడ. ఇంజను బందున్నది. లోపట ఊపిరి తీస్తున్నరు. ఒట్టు. జిన్నే అది."

తాతయ్య చేతులు తుడుచుకుంటూ కసిరాడు. "ఎండకు కాగిన ఇనుము రాత్రి చల్లారేటప్పుడు చప్పుడొస్తుందిరా. ఇన్నాళ్ళూ ఇంజన్ల మధ్య ఉండి ఆ మాత్రం తెలీదా?"

"ఇనుము గురక వెడ్తదా అన్నా? పొద్దుగాల అబూ సుల్తాన్ రాంగనే నేను చెప్పేస్త. చెప్పకుంట ఇచ్చి, ఆయనకేమన్నయితే? ఎవ్వల మెడ మీదికొస్తది? మన మెడ మీదికే."

జిన్ను ఉందన్న మాట చెవిన పడితే అబూ సుల్తాన్ ఆ బండి ముట్టడు. కొడుకులు ఇంకా నవ్వుతారు. ట్రాన్స్‌ఫర్ మాట గాలికి పోతుంది. సాయిలు చెడ్డవాడు కాదమ్మా. భయపడ్డాడంతే. కానీ నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎరుపు రంగుకు తట్టుకున్నాం, లెవీలకు తట్టుకున్నాం. ఇప్పుడు దెయ్యం వచ్చి మా కాపురం విడదీస్తుందా?

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు, మీకు తెలుసుగా. మెల్లిగానే అన్నాను. "సాయిలూ, ఈ రాత్రి దాంట్లో నేను కూర్చుంటాను. పొద్దున నా కాళ్ళ మీద నేను దిగితే నువ్వు నోరు మెదపకూడదు."

"దిగకపోతే అక్కా?"

"దిగకపోతే నీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకో. నేనేమైనా అడ్డం వస్తానా?"

"నీకేమైనా పిచ్చి పట్టిందా సుగుణా?" అన్నాడు తాతయ్య.

"పిచ్చి పడితే నా డ్యూటీ ఆసుపత్రిలోనేగా, మందులకు దూరం పోనక్కర్లేదు. మీరు పడుకోండి."

సాయిలు వెనక గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. తాతయ్య షట్టర్ దించి, కారు పక్కనే అట్టలు పరుచుకుని, నాకు తోడుంటానని కూర్చున్నాడు. ఎన్ని రాత్రుల అలసటో పాపం... కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగి నిద్రపోయాడు.

అక్కడి బండ్లకు స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. నేను దాని ముందు కూర్చుని తలుపు వేసుకున్నాను. ఒంటి మీది నల్ల అబాయా అంచు మోకాళ్ళ మీదికి లాక్కున్నాను. పెట్రోలు వాసన. పాత తోలు వాసన. గోడకున్న ట్యూబులైటు గుయ్యిమంటోంది...

చాలాసేపు ఏమీ లేదు. చూశావా, ఉత్త భయం... అనుకున్నాను.

అప్పుడు మొదలైంది.

హ్...

చిన్నగా. నా కుడి పక్కన.

హ్... హ్... హ్హ్... హ్హ్హ్...

పెరిగింది. పెరిగి పెరిగి, మళ్ళీ తగ్గింది. తగ్గి... ఆగిపోయింది.

నిశ్శబ్దం.

నేను కదల్లేదు. తాతయ్య గురకేమో అనుకున్నాను. కాదు, ఆయన ఎడమ పక్కన ఉన్నాడు. అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. పైగా ఆయన గురక నాకు తెలీదా?

మళ్ళీ... హ్... హ్... హ్హ్...

దిగాను. భయం లేదనను. అయినా దిగాను. బానెట్ ఎత్తి ఇంజను మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఎప్పుడో చల్లారిపోయింది. వంగి కారు కింద చూశాను. పిల్లి లేదు. డిక్కీ తెరిచాను. స్టెప్నీ టైరు, జాకీ. అంతే. షట్టర్ కింద సందులో చెయ్యి పెట్టి చూశాను, గాలి లేదు.

మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నావు అమ్మమ్మా అంటారేమో. లేచిపోతే అది గెలిచినట్టు కదా!

ఈసారి కళ్ళు మూసుకుని విన్నాను. వార్డులో వినేలాగ. అప్పుడు... గుర్తుపట్టాను. ఆ ఊపిరి నాకు తెలుసు పిల్లలూ. పెరిగి, తగ్గి, ఆగి, మళ్ళీ మొదలయ్యే ఊపిరి. అది జిన్నుల ఊపిరి కాదు. ఆఖరి గంటల్లో ఉన్న మనిషి ఊపిరి. ఎన్ని మంచాల పక్కన విన్నానో...

మెల్లిగా... చాలా మెల్లిగా... చెయ్యి చాచి పక్క సీటు మీద పెట్టాను.

వెచ్చగా ఉంది.

నా సీటు అంచు చల్లగా ఉంది. అది మాత్రం వెచ్చగా... రోగిని ఇప్పుడే లేపి స్ట్రెచర్ మీదికి మార్చితే పరుపు ఎలా ఉంటుందో, అలా. నా వేళ్ళ కింద సీటు కొంచెం దిగింది... కొంచెం లేచింది... ఊపిరితో పాటే.

అరవాలనిపించింది. అరిస్తే సాయిలు లేస్తాడు. సాయిలు లేస్తే తెల్లారేసరికి తాతయ్య ఎగ్జిట్. నాలుక పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

"మీన్?" అన్నాను. ఎవరు అని అరబ్బీలో. జవాబు లేదు. "కౌన్ హై?" అన్నాను. లేదు. అమెరికా బండి కదా అని ఇంగ్లీషులో కూడా, "సార్, వాట్ ఈజ్ యువర్ నేమ్?" అన్నాను. నవ్వకు కెజియా! అప్పుడు నాకూ నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

చివరికి మన భాషలోనే చెప్పాను. "చూడు బాబూ. నువ్వెవరివో నాకు తెలీదు. ఈ బండి వెనక్కి పోదు. నేనూ దిగి పోను. నా మొగుడి ఇఖామా దీని మీదుంది. నన్ను భయపెట్టి తరిమేద్దామనుకుంటే నీ వల్ల కాదు. ఇంతకంటే పెద్దవాళ్ళు చూశారు, వాళ్ళ వల్లే కాలేదు. పోవాలనుంటే మాత్రం... నెమ్మదిగా పో. నేను పక్కనే కూర్చుంటాను."

ఊపిరి ఆగింది.

విన్నట్టు ఆగింది.

చెయ్యి తియ్యలేదు నేను. మళ్ళీ మొదలైంది, ఈసారి నెమ్మదిగా. ఆగినప్పుడల్లా ఎక్కువసేపు ఆగుతోంది. అదీ నాకు తెలిసిందే. పైకి వినపడకుండా కీర్తన చదువుకున్నాను. పక్క అద్దం దించాను. ఎవరైనా పోతున్నప్పుడు కిటికీ తెరవడం మా పాత సిస్టర్లు నేర్పిన అలవాటు. ఎంతసేపు గడిచిందో... షట్టర్ సందు కొంచెం కొంచెం తెల్లబడింది.

అప్పుడు, దేశం కాని దేశంలో ఒంటరిగా పోయే ప్రతి రోగినీ అడిగే మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. "మీ వాళ్ళలో ఎవరికి కబురు చెప్పమంటారు?"

నా వేళ్ళ కింద సీటు లేచింది. ఒక పెద్ద ఊపిరి... లోపలికి.

బయట అజాన్ మొదలైంది. తాతయ్య ఉలిక్కిపడి లేచి, గబాలున నా పక్క తలుపు లాగాడు. "సుగుణా! బాగానే ఉన్నావా?"

తల తిప్పాను. ఒక్క క్షణం. మళ్ళీ తిరిగేసరికి సీటు చల్లగా ఉంది. మామూలు సీటు.

సాయిలు గడియ తీసుకుని తొంగి చూశాడు. "ఏమన్న వినవడ్డదా అక్కా?"

"వినపడింది. నీ గురక. గోడ ఇవతలికి కూడా."

వాడు నోరు మెదపలేదు. అబూ సుల్తాన్ కొడుకుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే సనాయా అంతా అదిరింది. నవ్విన కొడుకులే వెనక సీట్లోకి దూరడానికి తోసుకున్నారు. తాతయ్యకు ట్రాన్స్‌ఫర్ అయింది.

ఆ బండి ఎవరిదో కనుక్కోమని తాతయ్యను పోరాను. ఏదో వేలంలో ఏజెంటు కొన్నాడట, అంతకు ముందు ఎవరి షెడ్డులో ఉందో అబూ సుల్తాన్‌కే తెలీదు. తాతయ్యను అడిగితే, పాత సీటులో స్పాంజి సముద్రపు తేమకు ఉబ్బి అణుగుతుంది, ఆ చప్పుడే అంటాడు. కావచ్చు. వెచ్చదనం సంగతి అడిగితే, నిద్రలేమి అంటాడు. అదీ కావచ్చు. నేను వాదించను.

ఒక్కటే నాకు అర్థం కాదు. మనుషులు పోయేటప్పుడు చివరి ఊపిరి బయటికి వదులుతారు. లోపలికి తీసుకుని అక్కడితో ఆగినవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు. అలా నిండుగా ఊపిరి తీసుకుంటే... మాట్లాడటానికే కదా?

ఎవరి పేరు చెప్పబోయాడో?