హెర్మీనియా అత్త వెండి ఉంగరం

హెర్మీనియాకు ఏడేళ్లప్పుడు, పెన్సిలు సరిగ్గా పట్టుకోలేదని బడి పంతులమ్మ చెక్కబద్దతో ఆమె అరచేతుల మీద పన్నెండు దెబ్బలు కొట్టింది. వేళ్లు వెనక్కి విల్లులా వంగిపోతుంటే అది పొగరనుకుంది. కీళ్లను పట్టి ఉంచే కణజాలమే పుట్టుకతో వదులని ఆ బడిలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలన్న తొందరా లేదు. ఆ దెబ్బలే ఆమెను చేతుల చికిత్స చదివించాయని మా ఊళ్లో గొప్పగా చెప్పుకుంటారు. నాకు ఒళ్లు మండుతుంది. చదివింది ఆమె. ఘనత చెక్కబద్దకా?

ఇప్పుడామె ఊరందరికీ అత్త.

మా చెల్లి డెల్ఫీనాకు తొమ్మిదేళ్లు. దానివీ అలాంటి వేళ్లే, మా అమ్మ నుంచి వచ్చాయి. ఆగస్టు ఉత్సవంలో చర్చి మెట్ల మీద కన్సర్టీనా అనే చేతి హార్మోనియం సాగదీసి వాయించాలని దాని ప్రాణం కొట్టుకునేది. మీట నొక్కగానే మధ్యవేలు నడిమి కణుపు దగ్గర వెనక్కి విరుచుకుపడి స్వరం తెగిపోయేది.

"ఆరు వారాలు చూస్తా. వేలు నిలవకపోతే నీ చోటు ఇంకొకరికి," అని వాద్యబృందం పెద్ద వాల్డెమార్ తేల్చేశాడు. పోర్తో పట్నంలో చూపిస్తే డాక్టరు ఆపరేషన్ అన్నాడు.

"కోతెందుకు? ఆ ఆరు వారాలూ నాకివ్వండి," అంది అత్త.

ఇక మా ఇల్లు ఇల్లులా లేదు! మొక్కజొన్న రొట్టెల పిండంతా చెల్లే పిసికేది. వేలు గుండ్రంగా వంచి చిక్కుడు గింజలు ఏరేది. ఒక్కటి జారితే మళ్లీ మొదటి నుంచి. అత్త ప్లాస్టిక్ ముక్కను వేణ్ణీళ్లలో మెత్తబరిచి వేలికి కట్టు చేసింది. వేలు ముందుకు వంగుతుంది, వెనక్కి మాత్రం పోదు.

చెల్లి దాన్ని కోళ్లగూట్లో పారేసింది. "గొట్టం వేలు అంటున్నారత్తా! నేను పెట్టుకోను."

అత్త కోప్పడలేదు. చెల్లిని తిన్నగా వెండి తీగ నగలు చేసే అబీలియో దగ్గరికి లాక్కెళ్లింది.

"ఏమోయ్, పెళ్లికూతుళ్ల మెడలు చూసింది చాలు. ఈ వేలు చూడు. వెనక్కి పోకుండా ఉంగరం చెయ్యి, ఎనిమిది అంకెలా రెండు చుట్లు. చుట్లు వేలి పైన, అడ్డకమ్మీ కణుపు కింద. తెలిసిందా?"

"నలభై ఏళ్లుగా తీగ లాగుతున్నా. నాకు అంకెలు నేర్పుతావా తల్లీ?"

మూడు రోజుల్లో ఉంగరం వచ్చింది. ఎంత బాగుందో! అడ్డకమ్మీ మీద వెండి పువ్వు. చెల్లి వీధంతా చూపించుకుంది. కానీ మర్నాడు వేలు మళ్లీ వెనక్కి పడింది. ఆ తర్వాతా అంతే. ఉత్సవానికి ఇక పది రోజులే ఉన్నాయి. చెల్లి ఏడుపు, పక్కన అమ్మ ఏడుపు.

అత్త చెల్లి చెయ్యి చూసి పగలబడి నవ్వింది. "ఓసి పిచ్చిదానా! తిరగేసి పెట్టావే!"

మా వైపు ఉత్సవమంటే ఇంట్లో ఉన్న నగలన్నీ వేసుకుని నలుగురికీ చూపాల్సిందే. పువ్వును కిందికి దాచడం ఏ ఆడపిల్లకు చేతనవుతుంది? అది పువ్వును పైకి తిప్పేసింది. దాంతో వేలిని కింద నుంచి ఆపాల్సిన కమ్మీ పైకెక్కి కూర్చుంది.

"పువ్వు లేకుండా నగ చేసేవాడూ ఒక కంసాలేనా?" అని అబీలియో గింజుకున్నాడు.

"పువ్వు వద్దన్నానా? పై చుట్టు మీద పెట్టు. నీకన్నా దాని వేలు నయం, చెబితే వింటుంది."

సాయంత్రానికల్లా మార్చి ఇచ్చాడు. పిండి పిసికిన బలం ఎక్కడికీ పోలేదు. రోజు రోజుకీ వేలు కుదురుకుంది.

పోయిన ఆదివారమే ఉత్సవం. డప్పులు ఆగాయి. చెల్లి మీట నొక్కింది. అందరూ దాని మొహం చూస్తుంటే నేను వేలు చూశాను. నిలబడింది! పాట చివరిదాకా నిలబడింది! వాల్డెమార్ తన టోపీ గాల్లోకి విసిరాడు.

జనాన్ని తోసుకుంటూ అత్త నా దగ్గరికి వచ్చి రెండు అరచేతులూ చాపింది.

"చూడరా, చప్పట్లతో ఎలా ఎర్రబడ్డాయో. ఈసారి కొట్టింది నేనే."