ఏ కోర్టూ తెరవలేని బీరువా

మా అమ్మ పెళ్ళినాటి బైబిలు మీద ఎడమచెయ్యి పెట్టి కుడిచేత్తో మన తెలుగువాళ్ళ పత్రికకి ఇది రాస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇక్కడ కెనడాలో, స్కార్‌బరోలో నన్నెరిగినవాళ్ళు ఈ ఒట్టు చూసి నవ్వుతారని నాకు తెలుసు. మంచు తుఫానులో మా బిల్డింగు లిఫ్టు ఆగిపోతే నేనూ ఒక ఉడతా మూడు రోజులపాటు ఒకే రొట్టెముక్క పంచుకుని బతికామని చర్చి భోజనాల దగ్గర చెప్పి, నలుగురు ఆంటీల చేత కన్నీళ్ళు పెట్టించినవాణ్ణి. అలాంటివాడి ఒట్టు ఎవరు నమ్ముతారు? అయినా వేశాను.

మొన్న ఆదివారం మా అమ్మాయి, ఈ మధ్యే యూనివర్సిటీలో చేరిన పిల్ల, వంటింటి టేబులు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని క్లాసుకి ఏదో వ్యాసం రాసుకుంటూ ఉన్నట్టుండి "డాడీ, దిస్ ఈజ్ క్రేజీ" అంది. ఏమిటమ్మా అని అడిగాను, ఉల్లిపాయలు తరుగుతూనే. పక్కనున్న అమెరికాలో ఒక అంతర్జాతీయ పోలీసు సంస్థకి, చట్టసభలో ఓటింగూ అదీ లేకుండా, అధ్యక్షుడు సంతకం పెట్టిన ఉత్తర్వుతోనే చట్టం నుంచి రక్షణ ఇచ్చేశారట. దాని మీద దావా వెయ్యడానికి లేదట, దాని కాగితాలు సోదా చెయ్యడానికి లేదట, ఏ జడ్జీ ఆ బీరువా తెరిపించలేడట. అంత చెప్పి, నా జవాబు కోసం చూడకుండా మళ్ళీ టైపింగులో పడిపోయింది. ఘోరమేనమ్మా అన్నాను. ఉల్లిపాయలు తరిగేవాడికి కళ్ళు తుడుచుకునే వెసులుబాటు ఒకటి ఉంటుంది.

ఆ ఉత్తర్వు సంగతి మా అమ్మాయి కారులో బేబీ సీటులో కూర్చునే రోజుల్లోనే నాకు తెలుసు. అప్పుడు నేను ఒక కిరాణా కొట్టు మేడ మీదున్న లాయరు ఆఫీసులో గుమాస్తాని. మా లాయరమ్మ చిన్నతనంలోనే జాఫ్నా నుంచి వచ్చిన తమిళావిడ, తన క్లయింట్ల కంటే తనే ఎక్కువ భయపడేది, అందుకే కేసు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివేది. మనవాళ్ళ తెలుగు కాగితాలను ఇంగ్లీషులో పెట్టడం నా పని. ఆ రోజులు మన ఈడువాళ్ళకి నేను గుర్తుచెయ్యక్కర్లేదు. ఇమిగ్రేషన్ వాళ్ళ కవరు వస్తే ముందు దాన్ని లైటుకి ఎత్తి చూసి, తర్వాత ప్రార్థన చేసి, ఆ తర్వాత గానీ చింపేవాళ్ళం కాదు.

మా అక్కా బావా అమెరికా సరిహద్దు మీదున్న సార్నియాలో ఉండేవారు. బావ అక్కడి కెమికల్ ప్లాంట్లలో పైపులు వెల్డింగ్ చేసేవాడు. నెమ్మదైన మనిషి, పాట పాడితే మాత్రం చర్చి కిటికీలు అదిరేవి. ఆయన పుట్టినరోజు కాగితాల ప్రకారం జులై ఒకటి, కెనడా డే. తన పుట్టినరోజుకి దేశమంతా బాణాసంచా కాలుస్తోందని ఏటా అందరికీ చెప్పుకుని మురిసేవాడు. అది అసలు పుట్టినరోజు కాదని మనలో ఎవరికి తెలియదు గనక! బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు అడిగితే వాళ్ళ నాయనమ్మ గాలివాన వచ్చిన ఏడాది అంది, అయ్యవారు జులై ఒకటి అని రాసుకున్నాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ రోజు నాయనమ్మ రెండు చేతుల్తో ఇద్దరు మనవల్ని తీసుకెళ్ళింది. ఒకడు మా బావ, ఇంకొకడు ఆయన పెదనాన్న కొడుకు. ఇద్దరూ తమ తమ తండ్రులకి మొదటి సంతానం, కనక ఇద్దరికీ తాత పేరే, ఆ ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్న ఆయన పేరే పెట్టారు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, అయ్యవారు ఒకే కలంతో ఒకే తేదీ రెండుసార్లు రాశాడు. ఇంట్లో పెదనాన్న కొడుకుని పెద్దబ్బాయి, మా బావని చిన్నబ్బాయి అని పిలుచుకునేవారు, దాంతో సరిపోయేది. ఆ పిలుపులు ఏ కాగితంలోనూ ఎక్కలేదు.

పెద్దబ్బాయి గల్ఫ్ వెళ్ళి క్రేను నడిపేవాడు. ఒక మధ్యాహ్నం గొలుసు తెగి, మోస్తున్న ఇనుము ముగ్గురు మనుషుల మీద పడింది. కేసు పెట్టేలోపే భయంతో ఇంటికి పారిపోయి వచ్చాడు. ఆ దేశపు పోలీసులు ఆ అంతర్జాతీయ సంస్థ ద్వారా ప్రపంచమంతా నోటీసు పంపారు. ఇదంతా మాకు వదంతిగానే తెలుసు. అది మా ఇంటి తలుపు తడుతుందని ఎవరం అనుకోలేదు.

బావకి పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చింది. ఆ కాలంలో దాన్ని ఖాయం చేసుకోవాలంటే ఒక పద్ధతి ఉండేది, మీలో సగం మంది చేసే ఉంటారు: సార్నియా వంతెన మీదుగా అమెరికా వైపు వెళ్ళి, మాకు వీసా లేదు, వెనక్కి పంపెయ్యండి అని చెప్పి, వాళ్ళిచ్చిన చీటీ పట్టుకుని గంటలో తిరిగొచ్చి మన ఆఫీసరు దగ్గర సంతకం పెట్టడం. ఫ్లాగ్‌పోల్ చెయ్యడం అనేవాళ్ళం. నేనే డ్రైవ్ చేశాను. బావ ఆదివారపు కోటు వేసుకున్నాడు. అక్కకి ఆరో నెల. సాయంత్రానికి చేపల పులుసు పెడతానంది. అమెరికా వైపు కిటికీ దగ్గర ఆఫీసరు పాస్‌పోర్టు చూసి, కంప్యూటరు చూసి, మళ్ళీ పాస్‌పోర్టు చూసి లోపలికి వెళ్ళాడు. మూడు గంటల తర్వాత బావని మన వైపు ఆఫీసర్లకి అప్పగించారు. ఆదివారపు కోటు చేతుల మీద బేడీలు చూశాను. నోటీసులో పేరుంది, ఊరుంది, జులై ఒకటి ఉంది. తండ్రి పేరు గడి ఖాళీ, ఫోటో పదిసార్లు జిరాక్స్ తీసినట్టు నల్లగా ఉంది, అన్నదమ్ముల పోలికలు ఎలాగూ ఉన్నాయి.

నేను ఏనాడూ గల్ఫ్ వెళ్ళలేదన్నాడు బావ. నిజమే, ఆ ఏళ్ళలో ఆయనకి అసలు పాస్‌పోర్టే లేదు. పాస్‌పోర్టు లేనివాడు దేశం దాటలేదని ఏ పాస్‌పోర్టు చూపించి రుజువు చేస్తాం? మా లాయరమ్మ ఆ సంస్థకి ఉత్తరం రాసింది, ఆ ఫైల్లో వేలిముద్రలుంటే చూపించండి, లేకపోతే లేవని చెప్పండి అని. రెండు లైన్ల జవాబు వచ్చింది. కోర్టు ద్వారా తెప్పిద్దామని చూస్తే, ఆ కాగితాలున్నది అమెరికాలోని వాళ్ళ ఆఫీసులో, అక్కడ అధ్యక్షుడి ఉత్తర్వు అడ్డంగా గోడలా ఉంది. ఫిర్యాదు చెయ్యాలంటే ఆ సంస్థ సొంత కమిటీకే చేసుకోవాలి, వాళ్ళకి తీరినప్పుడు చూస్తారు. తప్పు చేసిన పోలీసుని కోర్టుకీడ్చవచ్చు, ప్రధానమంత్రిని ఈడ్చవచ్చు, వీళ్ళని మాత్రం ఈడ్వలేమని ఆవిడ నాకు విడమరచి చెప్పి, తనే తల పట్టుకుని కూర్చుంది.

మన ఆఫీసర్లు ఒక్క దారి చూపించారు. ఇద్దరు మనుషులున్నారంటున్నారు కదా, రెండోవాడు ఎక్కడున్నాడో చెప్పండి. చెప్తే చిన్నబ్బాయి ఇంటికెళ్ళిపోతాడు, లేకపోతే ఆ దేశానికి అప్పగించే లెక్క మొదలవుతుంది.

రెండోవాడు ఎక్కడున్నాడో బావకి తెలుసు. ఒంగోలుకి అవతల సముద్రం ఒడ్డున ఒక రొయ్యపిల్లల హేచరీలో వేరే పేరుతో కాపలా ఉంటున్నాడు. ఆ సంగతి ఎప్పుడో మాటల్లో నాకు చెప్పింది బావే. జైల్లో అద్దానికి అవతల నారింజ రంగు బట్టల్లో కూర్చున్న ఆయన్ని ఫోన్లో బతిమాలాను.

"ఒరేయ్ బామ్మర్దీ, ఆ గొలుసు తుప్పు పట్టిందిరా. మార్చమని వాడు రెండుసార్లు చెప్పాడు, కంపెనీవోడు ఇన్లేదు. వాణ్ణి అక్కడికి పంపితే ఎవడు వింటాడు?"

"మరి నువ్వెళ్తే వింటారా బావా?"

"నేను చెయ్యలేదని నాకు తెలుసు, ఆ ధైర్యంతో ఉంటా. వాడికి అదీ లేదు."

"అక్క కడుపుతో ఉంది."

"తెలుసురా. పులుసు పెడతానంది, దానికి సారీ చెప్పు" అని ఫోను పెట్టేశాడు.

అక్క ఆ మాట విని ఏడవలేదు. వాడికేం, రొయ్యల దగ్గర గాలి పోసుకుంటా హాయిగా ఉన్నాడు, నా మొగుడు తాతగారి పేరు కడుక్కుంటా జైల్లో కూచున్నాడు అంది. అంతకంటే పెద్దమాట ఏదీ అనలేదు, ఎవర్నీ ఏదీ చెయ్యమని అడగలేదు. బిడ్డ పుట్టాడు. బావ అద్దంలోంచి చూశాడు. నెలనెలా విడుదల గురించి విచారణ జరిగేది, నెలనెలా వద్దనేవారు. లాయరమ్మ తర్వాతి నెల అప్పగింత కాగితాలు వస్తాయని చెప్పింది.

క్రిస్మస్ వచ్చింది. ఇక్కడ జరిగింది వినండి. అన్నాళ్ళూ మనుషుల్లో కలవని పెద్దబ్బాయి, హేచరీ పక్కనున్న పాకలో చిన్న చర్చి ఉంటే, పాట విని ఆగలేక వెళ్ళి వెనకబెంచీలో కూర్చున్నాడట. ఆ ఇంటి గొంతే అంత. రెండో చరణానికి కిటికీలు అదిరేసరికి, బందోబస్తుకి వచ్చిన కానిస్టేబులు ఒకాయన, సొంత ఊరివాడే, చిన్నప్పుడు అదే గొంతు పక్కన నిలబడి పాడినవాడు, వెనక్కి తిరిగి చూశాడట. పాట అయిపోయేదాకా ఆగి, ఆ తర్వాత భుజం మీద చెయ్యి వేశాడట. బావ విడుదలైన రోజు కారులో ఎవరు పట్టించారని అడిగితే ఇదే చెప్పాను. సార్నియా చేరాక కారు దిగుతూ ఆయన, వాడు పాట మొత్తం పాడాడన్నమాట అన్నాడు, అంతే.

పెద్దబ్బాయిని ఆ దేశానికి పంపారు. గొలుసు తుప్పు సంగతి ఎవరూ వినలేదు. రెండో వేసవిలో జైల్లోనే పోయాడు, అక్కడే పూడ్చారు. ఆ సంస్థ నుంచి బావకి ఒక ఉత్తరం వచ్చింది, మీ వివరాలు సరిచేశాం అని. సంతకం చేసినవాడి పేరు కూడా లేదు. బావ పాడటం మానేశాడు. జులై ఒకటిన బాణాసంచా మొదలవగానే బేస్‌మెంటులోకి వెళ్ళి కూర్చుంటాడు. కొడుక్కి తాత పేరు పెట్టలేదు. ఆ వంశంలో మొదటి కొడుక్కి ఆ పేరు తప్పడం అదే మొదలు.

ఇప్పుడు ఆ ఫ్లాగ్‌పోల్ పద్ధతి తీసేశారు. ఇప్పటి పిల్లలకి ఆసుపత్రిలో నిమిషంతో సహా రాసిన పుట్టినరోజు ఉంటుంది, కంటిపాప నుంచి వేలికొన దాకా మిషన్లు గుర్తుపడతాయి, ఇద్దరు మనుషులు ఒక మనిషి అయ్యే ప్రమాదం దాదాపు లేదు. మంచిదే. కాని మనకి ఒక పేరుని ఇద్దరు మోయడం తెలిసేది; ఒకడి బరువు రెండోవాడు ఎత్తుకుని నోరు మెదపకుండా కూర్చోవడం తెలిసేది. అలాంటి మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను, ఇక చూస్తానని అనుకోను.

ఒట్టు వేశాను కనక చెప్పాలి. క్రిస్మస్ పాటా, పాకలో చర్చీ, కానిస్టేబులూ నేను కల్పించినవి. పెద్దబ్బాయి ఏ చర్చికీ వెళ్ళలేదు. హేచరీ పేరు, ఊరు, అతను పెట్టుకున్న దొంగపేరు, గేటు దగ్గర నీలం డ్రములుంటాయన్న గుర్తుతో సహా, ఆఫీసులో అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు నేనే టైపు చేసి, సంతకం లేకుండా ఆ సంస్థకి పోస్టు చేశాను. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ళ బీరువాలోనే ఉంటుంది. బావ అడిగినా ఇవ్వరు, జడ్జీ అడిగినా ఇవ్వరు. మా ఇంటిని నాశనం చేసిన ఆ ఉత్తర్వే ఇన్నేళ్ళూ నన్ను కాచింది. వెల్డింగు మంటకి కళ్ళు మసకబారి బావ చదవడం మానేశాడు. అక్క ఇది చదువుతుంది. చదివి, వీడు మళ్ళీ కోతలు మొదలెట్టాడని నవ్వుకుంటుందనే నా ఆశ.