ఇరవయ్యో నిమిషం

మా చెల్లి తయారుచేసిన కంప్యూటర్ ఆటలో ఒక గూడ్సు యార్డు ఉండేది. జోరువానలో వ్యాగన్లను ఒక లైను మీంచి ఇంకో లైనుకు మార్చాలి. మా నాన్న షాలిమార్ రైల్వే యార్డులో చేసిన పని అదే. తను కంప్యూటర్ కోర్సు చేసిన సంస్థలో కంప్యూటర్ ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని రెండేళ్లు ఆ యార్డు కట్టింది. అప్పుడు సాల్ట్‌లేక్‌లో ఆటలు తయారుచేసే ఒక ఆఫీసు ఒకే ఒక్క ఉద్యోగానికి మనుషుల్ని పిలిచింది. ఎవరి ఆట వాళ్లు సొంత ల్యాప్‌టాప్ మీద చూపించాలి. మామూలు ల్యాప్‌టాప్ ఆ వానను మోయలేదు. భాగాలు ఎంచుకుని కట్టించుకోవాలి.

ఎంచే పని నాది. మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లో పుస్తకాలు చదివేవాణ్ని నేనొక్కణ్నే. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయినా, భవానీపూర్‌లో ప్యూన్ పని ముగించుకుని రోజూ గ్రంథాలయానికి వెళ్లేవాణ్ని. నిఘంటువు పక్కన పెట్టుకుని కంప్యూటర్ పత్రికలు అట్ట నుంచి అట్ట దాకా చదివాను. గ్రాఫిక్స్ కార్డు నీడలను ఎలా గీస్తుందో నాన్నకు అర్థమయ్యేలా చెప్పగలిగేవాణ్ని. ఆ గ్రంథాలయంలో ఏడాది పూర్తయిన సంచికలను బైండింగుకు పంపేవారు. తిరిగి రావడానికి నెలలు పట్టేది. కిందటి ఏడాదివి అప్పుడు బైండరు దగ్గరే ఉన్నాయి. నేను అంతకు ముందటి ఏడాది బైండు తీసి, అందులో అన్నిటికన్నా మెచ్చుకున్న కార్డు పేరు కాగితం మీద రాసుకున్నాను.

ఊరేగింపులు లేని రోజు చూసుకుని ఇద్దరం మా ఊళ్లోని చాందినీ చౌక్ ఎలక్ట్రానిక్స్ బజారుకు వెళ్లాం. అక్కడ ఒక బెంగాలీ దుకాణదారు ఖాళీ బాడీలో మనం చెప్పిన భాగాలు బిగించి ల్యాప్‌టాప్ ఇచ్చేవాడు. నా కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఈ బాడీలో ఈ కార్డా దాదా? దీని వేడికి లుచీ పూరీలు వేయించుకోవచ్చు. ఒక మెట్టు కిందిది తీసుకోండి. నీడలు కాస్త తగ్గించుకుంటే సరిపోతుంది.”

“దీని గురించి చదివారా మీరు?” అన్నాను బెంగాలీలో.

“చదవలేదు దాదా. చేతులు కాల్చుకున్నాను.”

చెల్లి తెలుగులో గొణిగింది. “ఆయన సెప్పినదీ ఇనొచ్చు కదా అన్నియ్యా.”

“అమ్ముడవనిది మనకి అంటగడతన్నాడే. నాను సదివినాను కదా. నామీద నమ్మకం లేదేటి?”

“నువ్వుండగా నాకేటి భయం” అని నవ్వేసింది.

ఇంటికి తెచ్చాక తెర మీద వాన అందంగా కురిసింది. ఒక సిగ్నలు తప్పు చోట ఉందని నాన్న చెబితే చెల్లి వెంటనే మార్చింది. ఇరవయ్యో నిమిషంలో తెర నల్లబడింది. వోల్టేజీ సరిగా లేదన్నాను. మర్నాడూ అంతే.

“బ్యాటరీ మీద కూడా ఆగిపోతంది. అడుగున సెయ్యెట్టి సూడు, పెనంలాగ కాల్తంది. ఆ దాదా దగ్గరికెల్లి మార్పించీద్దుమా?” అంది చెల్లి.

“పుస్తకాలు రాసినోల్ల కన్నా ఆడికెక్కువ తెల్సేటి? కొత్తది, సర్దుకుంటది.”

ఆమె మళ్లీ అడగలేదు.

ఇంటర్వ్యూ రోజు సెలవు పెట్టి ఆ ఆఫీసు బయట నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చి, బస్సెక్కాక చెప్పింది.

“మా బాగా ఆడినారు అన్నియ్యా. నాన్న సెప్పిన సిగ్నలు సూసి మెచ్చుకున్నారు. ఇంకొంచెం ఆడతామన్నారు. అప్పుడే ఆగిపోయింది. మల్లీ ఎడితే పది నిమిషాలు కూడా నిలబడలేదు. తరవాతోల్లని పిలిసీసినారు.”

“ఇంకో దినం పిలుస్తార్లే.”

“పిలవరు.”

పిలవలేదు.

కిందటి ఏడాది బైండు ఆ తర్వాతి నెలలో గ్రంథాలయానికి తిరిగొచ్చింది. అందులో అర పేజీ ఉంది. ఆ కార్డును పలుచని బాడీల్లో పెట్టకండి, వేడికి ఆగిపోతుంది అని. నిలబడే చదివాను. చదవలేదు కాబట్టి నాకు తెలియలేదని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. ఒక ఏడాది సంచికలు అక్కడ లేవని నాకు ముందే తెలుసు. ఆ ఖాళీని మరిచిపోయి, చెయ్యి కాల్చుకున్నవాణ్ని చదివావా అని అడిగాను. ఇంటికొచ్చి చెల్లికి చెప్పాను. “మరేటి సేస్తాం” అని అన్నం వడ్డించింది.

కార్డు మార్పించడానికి ఇద్దరం మళ్లీ చాందినీకి వెళ్లాం. దుకాణదారు నన్ను ఒక్క మాట అనలేదు. చిన్న కార్డు బిగించి, చూసుకోవడానికి ఆమె ఆటే పెట్టాడు. అరగంట గడిచింది. గంట గడిచింది. వాన పడుతూనే ఉంది, వ్యాగన్లు కదులుతూనే ఉన్నాయి. “ఎంత బాగా కట్టావు దీదీ!” అన్నాడు.

“చాలు దాదా, ఆపండి. ఆ ఆటను తీసేయండి కూడా” అంది చెల్లి బెంగాలీలో. “నర్సింగ్ హోం బిల్లులు టైపు చేసే పని దొరికింది. దానికి కావలసినది ఎక్కించండి.”

ఆయన నా వైపు చూశాడు, నేను వద్దంటానేమోనని. ఆమె కూడా ఒక్క క్షణం చూసింది. నేను కార్డు డబ్బు బల్ల మీద పెట్టాను. ఆయన మీట నొక్కాడు.