ఏటిగట్టు లైబ్రరీలో పడవవాళ్ల బడి

మా తుని లైబ్రరీ మేడ మీద ఒక గది ఖాళీగా ఉండేది. అందులో పెద్దవాళ్లకు సాయంత్రం క్లాసులు పెడదామని మేం నలుగురు టీచర్లం అనుకున్నాం. "పొద్దంతా ఒళ్లు హూనం చేసుకొని వచ్చినవాళ్లు మళ్లీ పలక పట్టుకుంటారా అండి?" అని అందరూ తీసిపారేశారు. గట్టిగా జవాబు చెబుదామంటే అలాంటి క్లాసు నేనెక్కడా చూసి ఎరగను. అప్పుడే మా స్కూల్లో ఒకాయన ఒక సంగతి చెప్పాడు. ద్రాక్షారామం అవతల ఏటిగట్టు మీద చిన్న ఊరుంది. వంతెన వచ్చాక రేవు మూతపడి పడవవాళ్లకు పని పోయింది. ఆ ఊరి లైబ్రరీలో వాళ్లను ఆటో డ్రైవింగ్ లైసెన్సు పరీక్షకు తయారు చేస్తున్నారట. మర్నాడే సెలవు పెట్టి బయల్దేరాను.

తునిలో తెల్లవారుజాము బస్సెక్కితే ఏడు కాకముందే కాకినాడలో దిగొచ్చు. అక్కడ బస్ కాంప్లెక్సులోనే టిఫిన్ కానిచ్చి రామచంద్రపురం బస్సెక్కాను. ద్రాక్షారామానికి గంట ప్రయాణం. రోడ్డుకు రెండు పక్కలా ఊడ్పులు జరుగుతున్నాయి. గుడి దగ్గర దిగి షేర్ ఆటో మాట్లాడుకుంటే మనిషికి అయిదు రూపాయలన్నాడు. "లైబ్రరీకాండీ? పడవోళ్ల బడి అనండి, ఎవరైనా చూపిస్తారు" అన్నాడు డ్రైవరు. వెళ్లే దారిలో తన గురువు కూడా ఆ బడిలోని మేడం గారేనని గర్వంగా చెప్పాడు.

ఒకటే హాలు, పెంకుల కప్పు. ముందు భాగంలో ఇద్దరు పెద్దమనుషులు పేపరు చదువుకుంటున్నారు. వెనక చాపల మీద పదిమంది దాకా కూర్చున్నారు, అందరూ నలభై దాటినవాళ్లే. లైబ్రేరియన్ సుశీల గారు అట్టముక్కల మీద తానే రంగులేసిన రోడ్డు గుర్తులు ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తున్నారు. "ముందు అక్షరాలు చెబుదామనుకున్నానండి. రెండు రోజులు వచ్చి మానేశారు. లైసెన్సు కావాలంటే రండి అన్నాను, వచ్చారు. గుర్తు చూపించి దాని పేరు రాయిస్తుంటే అక్షరాలూ వాటంతట అవే వచ్చేస్తున్నాయి" అన్నారావిడ.

చాపల మీద ముందు కూర్చున్నతను వీర్రాజు. ఇరవయ్యేళ్లు రేవు దాటించినవాడు. పక్కనే అతని భార్య సత్యవతి. మొగుడికి తోడుగా వచ్చి కూర్చునేదట, వింటూ వింటూ తనూ నేర్చేసుకుంది. సుశీల గారు ఇద్దరి చేతా దరఖాస్తు పెట్టించారు. ఆ మధ్యాహ్నమే కాకినాడలో లెర్నర్ లైసెన్సుకు గుర్తుల పరీక్ష. వీర్రాజుకది రెండోసారి.

"కిందటిసారి ఆఫీసరు గారిని చూడగానే నోరు పెగల్లేదండి. ఈసారి చూడండి!" అన్నాడు నాతో. క్లాసులో అడిగినవన్నీ టకటకా చెప్పాడు కూడా. నాకూ చూడాలనిపించి వాళ్లతోపాటే తిరుగు బస్సెక్కాను. దారి పొడవునా కనిపించిన బోర్డునల్లా సత్యవతి పైకి చదువుతూనే ఉంది. వీర్రాజు మాత్రం రానురానూ మాట తగ్గించేశాడు.

రవాణా ఆఫీసులో పిలుపు వచ్చేసరికి రెండు దాటింది. ముందు వీర్రాజు వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి వరండాలోంచి మాకంతా వినపడుతోంది. మొదటి రెండు గుర్తులూ చెప్పాడు. మూడోది చూపించగానే ఆగిపోయాడు. అది ఇరుకు వంతెన గుర్తు. పొద్దున లైబ్రరీలో అందరికన్నా ముందు చెప్పింది అతనే. "కంగారు పడకు, ఆలోచించుకో" అన్నారు ఇన్‌స్పెక్టరు. ఎంత సేపటికీ మాట రాలేదు. తల వంచుకొని బయటికొచ్చి, మమ్మల్ని దాటుకుంటూ వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాడు.

సత్యవతి మొహం పాలిపోయింది. "నేను వెళ్లనండి. ఆయన తప్పి నేను పాసైతే ఊళ్లో ఆయన తలెత్తుకు ఎలా తిరుగుతాడు?" అంది. లోపల్నుంచి ఆమె పేరు రెండోసారి పిలిచారు. అప్పుడు గేటు దగ్గర్నుంచి వీర్రాజు గట్టిగా అరిచాడు: "పిలుస్తుంటే నిలబడిపోతావేంటే? వెళ్లు!"

వెళ్లింది. గుర్తులన్నీ చెప్పింది. "ఇరుకు వంతెన మీద ఎదురుగా లారీ వస్తే ఏం చేస్తావమ్మా?" అని అడిగారు ఇన్‌స్పెక్టరు. "ఆగిపోతానండి. రేవులో అయినా బరువున్న పడవకే దారిస్తామండి" అంది. ఆయన నవ్వి సంతకం పెట్టారు.

బయటికొచ్చి కాగితం మొగుడి చేతిలో పెట్టింది. వీర్రాజు దాన్ని కూడబలుక్కుంటూ చదివాడు, ఆమె పేరు దగ్గర కాసేపు ఆగాడు. "ఏటి మధ్యలో సుడి వస్తే చుక్కాని దీని చేతికే ఇచ్చేవాణ్ణండి. ఇప్పుడు హ్యాండిలు ఇస్తాను. అంతే కదా!" అన్నాడు. కళ్లు తడిగానే ఉన్నాయి గానీ గొంతులో నిష్ఠూరం లేదు. "వచ్చే నెల నువ్వూ పాసవుతావులేవయ్యా" అంది సత్యవతి. ముగ్గురం ఎదురుగా ఉన్న కొట్లో వేడి వేడి బజ్జీలు తిన్నాం. వాళ్లని బస్సెక్కించి నేను తుని బస్సు పట్టుకున్నాను.

కిటికీ పక్కన కూర్చొని ఆలోచిస్తే ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. చదువు ఎంత గొప్పదో చెబితే పెద్దవాళ్లు రారు. రేపు పొయ్యి వెలగడానికి పనికొస్తుందంటే వస్తారు, వచ్చాక మనం అనుకున్నదానికన్నా ఎక్కువే పట్టుకుపోతారు. మొన్న సుశీల గారికి ఫోన్ చేశాను. వీర్రాజు మూడోసారి గట్టెక్కాడట. ఇప్పుడు ఒకే ఆటోని పూట పూటకీ మార్చుకొని తోలుతున్నారట. పొద్దుటి పూట ఆమెదేనట.

మీరూ వెళ్లాలనుకుంటే శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు లైబ్రరీకి సెలవు. మిగతా రోజుల్లో క్లాసు పొద్దున పదకొండుతో అయిపోతుంది కాబట్టి తొమ్మిదికల్లా ద్రాక్షారామంలో ఉండండి. గుడి దగ్గర ఆటోలు వరసగా ఉంటాయి. వాటిలో సత్యవతి ఆటో ఏదో అడిగి ఎక్కండి.