అన్నయ్య వరస

నా చిన్నప్పుడు మా భీమడోలులో ఏ సంబంధం కుదరాలన్నా ముందు వరస కలవాలి. ఆ వరస తేల్చడానికి మా తాతయ్య రావాలి. నిన్న ఫోనులో నువ్వు చెప్పిన మీ కాలేజీ కంప్యూటరు పాఠం, చెట్టులో రెండు కొమ్మలకి ఉమ్మడి పూర్వీకుణ్ణి వెతకడం, అది తాతయ్య నాకు అరుగు మీద చింతపిక్కలతో నేర్పాడు నాన్నా. ఇద్దరినీ ఒక్కో తరం పైకి ఎక్కించుకుంటూ పోవాలి. మొదట కలిసిన మనిషి దగ్గర ఆగిపోవాలి. ఇంకా పైకి పోతే ఊరంతా ఒకే ఇల్లయిపోతుంది అనేవాడు.

పక్కింటి అక్కకి నల్లజర్ల అబ్బాయిని అనుకున్నారు. అక్కకి నాన్నవైపు తాతగారూ, అతని నానమ్మా అన్నాచెల్లెళ్లు. అంటే అతను వరసకి బావ. అతను చూసి వెళ్లిన దగ్గర్నుంచి అక్క ఊరికే నవ్వుకునేది.

తాంబూలాలకి ముందు తాతయ్యని పిలిచారు. ఆయన పిక్కలు పేర్చి, తల్లుల వైపు నుంచి ఎక్కాడు. ఇద్దరి అమ్మమ్మలూ కొల్లేటి ఊళ్లో ఒకే తండ్రి బిడ్డలని తేల్చాడు.

"వీళ్లు అన్నాచెల్లెళ్లవుతారండీ. ఈ పెళ్లి కూడదు."

"నాన్నల వైపు చూస్తే బావే కదండీ తాతయ్యగారూ?" తలుపు చాటు నుంచి అక్క అడిగింది.

"రెండు దారులున్నప్పుడు, కూడదన్న దారే పట్టుకోవాలమ్మా."

అక్క వాళ్ల నాన్న తల వంచుకున్నాడు. తాతయ్య మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు.

మరుసటి ఏడాది తాతయ్య తన కూతుర్ని, అంటే మా అత్తని, ఆ అబ్బాయికే ఇచ్చి చేశాడు. పెళ్లికొడుక్కి తోడబుట్టినవాళ్లు లేరు. గృహప్రవేశంలో గుమ్మానికి అడ్డం నిలబడి, కొత్త జంట చేత ఒకరి పేరు ఒకరితో చెప్పించడానికి ఆడపడుచు కావాలి.

"వరసకి చెల్లెలివి నువ్వేగా, రామ్మా," అని తాతయ్యే అక్కని పిలిచాడు.

లాంఛనం చీర కట్టుకుని అక్క గుమ్మంలో నిలబడింది. చుట్టూ ఆడవాళ్లు ఒకటే నవ్వు.

"ఊఁ, అడగవే! ఊరికే వదిలేస్తావా ఏంటి మీ అన్నయ్యని?"

"పేరు చెప్పి లోపలికి రా, అన్నయ్యా."

అతను నేల చూస్తూ మా అత్త పేరు చెప్పాడు. అక్క పక్కకి జరిగింది.

ఆ తర్వాత నేను తాతయ్య దగ్గర ఏదీ నేర్చుకోలేదు. ఇంత వయసొచ్చినా, ఎవరైనా ఫలానా పెద్దాయన న్యాయంగా తేల్చాడని చెబితే, ఆయనింట్లో పెళ్లికెదిగిన కూతురుందేమోనని ముందు చూస్తాను.